లాలాపేట్‌కు నడిచిన మేడమ్

కండరాలు క్షీణించే వంశపారంపర్య జబ్బుల మీద తన పేపరు అచ్చయిన ప్రతిసారీ, అందులో పరిశీలించిన కుటుంబం ఇంటికి వెళ్లి ఫలితం నోటితో చెప్పి వచ్చేవారు మా ప్రొఫెసర్ మేడమ్. తెలంగాణ ఉద్యమంలో ఒక బంద్‌నాడు కూడా క్యాంపస్ నుంచి తార్నాక మీదుగా, టియర్ గ్యాస్‌కు కళ్లు తుడుచుకుంటూ, లాలాపేట్‌కు నడిచారు. వెంట నేను, ఆమె రీసెర్చ్ స్కాలర్‌ని.

అక్కడ లేవలేని పిల్లవాణ్ణి చంకనెత్తుకుని కోడలు నిలబడి ఉంది. ఆమె ముందే అత్తగారు అన్నది: "రోగం దీన్నుంచే వచ్చింది మేడమ్. దీన్ని పుట్టింటికి తోలేస్తం."

నాకు ఒళ్లు మండింది. మేడమ్ ఊరుకోలేదు.

"కోడలు మీ సొంత తమ్ముడి కూతురే కదమ్మా! ఈ జబ్బు తల్లీ తండ్రీ ఇద్దరూ ఇస్తేనే వస్తుంది. ఆ జన్యులోపం మీ కొడుక్కు మీ నుంచి వచ్చింది, ఈమెకు మీ తమ్ముడి నుంచి. ఈమె పుట్టిల్లంటే మీ పుట్టిల్లే. పంపేటట్టయితే ముందు మీరు బయల్దేరండి!"