బోర్లించిన బిందె

గత నెలలో మా కార్యాలయం పాత ఫైళ్ల గదిలో ఏదో వార్త కోసం వెతుకుతూ, ఏళ్లుగా ఎవరూ ముట్టని ఒక బైండు పుస్తకం అట్ట ఎత్తాను. మైదా బంకలో మైలుతుత్తం కలిసిన వాసన గుప్పుమని ముఖానికి తగిలింది. వెతుకుతున్న వార్త మరిచిపోయి, కిటికీలోంచి పడుతున్న ఎండలో దుమ్ము తేలడం చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. నా వరకు ఆ వాసన ఒక మనిషిది. మడకశిర బస్టాండు వెనక సందులో బైండింగ్ అంగడి నడిపిన జయక్కది. మండలాఫీసు రిజిస్టర్లు, రేషన్ అంగళ్ల పుస్తకాలు, బడిపిల్లల అట్లాసులు ఆమె చేతిలో పడి గట్టి అట్టలు తొడుక్కునేవి. ఆమె చేసిన ఇంకో పని గురించి ఆ సందు దాటితే ఎవరికీ తెలియదు.

తొంభైల చివర నేను మడకశిరలో పత్రికకు విలేకరిని. నాకు నత్తి. క, ట, ప లాంటి అక్షరాల దగ్గర గొంతులో ఎవరో తలుపు వేసి గడియ పెట్టినట్టయ్యేది. అయినా ఉద్యోగం నడిచింది, ఎందుకంటే అప్పట్లో వార్తను మాట్లాడే పని లేదు. కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, సాయంత్రం అనంతపురం బస్సుకు అందిస్తే చాలు. ఆ బస్సు కండక్టరు ఓబులేసు కవరును టికెట్ల సంచిలో పెట్టుకుని, ‘ఈ పొద్దు ఏం కొంప ముంచినావు విలేకరన్నా?’ అనేవాడు. నేను నవ్వేవాణ్ని. ఆయనకు జవాబు అక్కర్లేదు, నాకు చెప్పే కష్టం లేదు.

నా వార్తల కత్తిరింపులు బైండు చేయించడానికి మొదటిసారి జయక్క అంగడికి వెళ్లాను. ఎన్ని పుస్తకాలని అడిగింది. ‘ప... ప...’ దగ్గర ఆగిపోయాను. అలాంటప్పుడు ఎదుటివాళ్లు రెండే పనులు చేస్తారు. మాట అందిస్తారు, లేదా చూపు తిప్పుకుంటారు. ఆమె రెండూ చేయలేదు. చేతిలో సూది అలాగే పట్టుకుని నన్నే చూస్తూ కూర్చుంది. పది అని చెప్పగలిగేసరికి నా చొక్కా తడిసింది.

‘ఏమప్పా, అంత చెమట?’ అంది. ‘నాకేం తొందర లేదు. బంక ఇంకా ఆరల్ల.’

జయక్క బెంగళూరులో ఒక ప్రెస్సులో పదేళ్లు బైండింగ్ చేసి వచ్చింది. అక్కడ కాలేజీ పిల్లలెవరో జిరాక్సు కాగితాల కట్ట ఒకటి బైండు చేయమని ఇచ్చి, మళ్లీ రాలేదట. ఇంగ్లీషులో ఏదో ఆట. నిఘంటువు పెట్టుకుని రెండేళ్లు చదివింది. ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్లు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. ‘ఎదురుగా గుహ ఉంది, ఏం చేస్తావు?’ అని కథ చెప్పేవాళ్లు అడిగితే, ఎవరి మనిషి ఏం చేస్తాడో వాళ్లు చెప్పాలి. అది గెలిచిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఇరవై ముఖాల పాచిక కావాలని ఆ కాగితాల్లో ఉంది. మడకశిరలో అది ఎక్కడ దొరుకుతుంది? ఒకటి నుంచి ఇరవై దాకా అట్టముక్కల మీద అంకెలు రాసి, పాత బిస్కెట్ల డబ్బాలో వేసింది.

ఆదివారం మధ్యాహ్నాలు అంగడి తలుపు ఓరగా వేసి ఆడేవాళ్లం. ఓబులేసు గొడ్డలి పట్టిన గొర్రెల కాపరి. ప్రభుత్వాసుపత్రి నర్సు మేరీ మూలికల వైద్యురాలు. నేను బాణాలు వేసేవాణ్ని. కాగితాల్లోని ఇంగ్లీషు రాక్షసులను జయక్క ఏనాడో పక్కన పడేసింది. మా కథలో ఎలుగుబంట్లు, దారిదోపిడీ వాళ్లు, కొండ మీద పాడుబడిన కోట ఉండేవి. ఇంకోటి కూడా ఉండేది, వాన. ఆమె కథలో ఎప్పుడూ వాన కురుస్తుండేది. బండల మీద నీళ్లు జారే చప్పుడు, తడిసిన గొర్రెల ఉన్ని వాసన, వంక దాటలేక ఒడ్డున నిలబడిపోయిన మనుషులు... ఆమె మెల్లగా చెప్పుకుపోతుంటే, వానలు ముఖం చాటేసిన ఆ ఏళ్లలో, రేకుల కప్పు కింద ఉడికిపోతూ మేం తడిసేవాళ్లం. ఒకసారి మేరీ లేచి వెళ్లి కిటికీ మూసి వచ్చింది. ఎందుకు మూశావని ఎవరూ అడగలేదు. సాయంత్రం తలుపు తీసినప్పుడు సందులో నేల పొడిగా ఉండడం చూసి నలుగురం కాసేపు గడప మీదే ఆగిపోయేవాళ్లం.

కథలో కొట్లాట వస్తే మాత్రం ఆ కల చెదిరిపోయేది. అందరూ ఒకేసారి అరిచేవాళ్లు. వంతులు జయక్క నోటుపుస్తకంలో రాసుకునేది, కానీ కథ చెబుతూ రాసింది చూసుకోవడం మరిచేది. ఒకరోజు ఎలుగుబంటి మీద ఓబులేసు వరసగా రెండుసార్లు గొడ్డలి విసిరాడు.

‘నా వంతు మింగేసినావు గదన్నా’ అంది మేరీ. ‘నీకు మందు పెట్టల్లని కూర్చోనుంటే నువ్వే దాని నోట్లోకి పోతివి.’

‘బస్సు కదిలినాక ఎక్కుతానంటే యాడ కుదురుతాది సిస్టర్?’ అన్నాడు ఓబులేసు.

నా వంతు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు. నేనూ అడగలేదు. జయక్క మాత్రం ఖాళీగా ఉన్న నా చేతుల వైపు చూసింది.

తర్వాతి వారం పుస్తకాలు కుట్టే దారం కట్టి, దానికి బట్టల క్లిప్పులతో మా పేర్ల చీటీలు వంతుల వరసలో తగిలించింది. ఫ్యాను గాలికి అవి తిరిగిపోయి ఎవరి పేరు ఎక్కడుందో తెలియకుండా పోయింది. ఆమె క్లిప్పులు సరిచేస్తుండగా బయట నీళ్ల ట్యాంకరు హారను వినిపించింది. సందు పొడుగునా బిందెలు పొద్దుటి నుంచే వరసలో ఉన్నాయి. బిందె లేనిచోట ఒక రాయి, ఒక పాత చెప్పు. మధ్యలో కొన్ని బిందెలు బోర్లించి ఉన్నాయి. మా సందులో దానికి ఒక అర్థం ఉంది. మనిషి పని మీద పోయింది, వంతు మాత్రం ఆమెదే. వచ్చి బిందె నిలబెట్టేదాకా ఆ చోటు ఎవరూ తీసుకోరు. ఎంత గొడవ జరిగే రోజైనా బోర్లించిన బిందెను ఎవరూ కాలితో నెట్టేవారు కాదు. జయక్క గడపలో నిలబడి ట్యాంకరు వెళ్లిపోయేదాకా ఆ వరసనే చూసింది.

మళ్లీ ఆదివారానికి, జాతరలో పిల్లలకు అమ్మే బొటనవేలంత ప్లాస్టిక్ బిందెలు తెచ్చింది. ఓబులేసుకు ఎర్రది, మేరీకి పసుపుది, నాకు నీలంది. ఎలుగుబంట్లకు గులకరాళ్లు. బైండింగుకు వాడే నల్లటి క్యాలికో గుడ్డను పొడుగ్గా కత్తిరించి పరిచింది. డబ్బాలోంచి పెద్ద అంకె తీసినవాళ్ల బిందె ముందు, తర్వాతివాళ్లది వెనక. వంతు అయిపోయినవాళ్లు ‘అయింది’ అని తమ బిందెను తామే తీసి వరస చివర పెట్టాలి. అది కదిలేదాకా పక్కవాళ్లు నోరు తెరవకూడదు. ఆగదలచుకుంటే బిందె బోర్లించుకోవచ్చు. ఎలుగుబంటి కదిలాక నిలబెట్టుకున్నా సరే, వంతు పోదు.

ఆ రోజు నా వంతు వచ్చింది. పొదలో దాక్కుంటానని చెప్పాలి. ‘పొ’ దగ్గర గడియ పడింది. జయక్క చెయ్యి చాచి నా నీలం బిందెను బోర్లించింది.

‘ఆయప్ప వంతు ఆడనే ఉండాది. ఎవురూ మాట్లాడొద్దండి’ అంది.

‘ఈలోపల నేను హిందూపురం పోయొస్తా’ అన్నాడు ఓబులేసు.

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. నవ్వాక మాట దానంతట అదే వచ్చింది. పొదలో దాక్కున్నాను. బిందె నిలబెట్టి, బాణం వేసి, ‘అయింది’ అన్నాను. ఒక మాటను చివరిదాకా నేనే చెప్పి, చెప్పడం అయిందని కూడా నేనే చెప్పడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.

కొన్నాళ్లకు మా పత్రికలో కవర్లు ఆగిపోయాయి. వార్తలు సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి ఫోనులో చెప్పాలన్నారు. చెప్పలేనివాళ్ల చోట వేరేవాళ్లను పెట్టుకుంటామని కూడా అన్నారు. అప్పుడే కంబదొడ్డి అనే చిన్న ఊరికి తొమ్మిది రోజులుగా ట్యాంకరు రావడం లేదని తెలిసి వెళ్లి చూసి వచ్చాను. బూత్‌లోకి వెళ్లి ఫోను పట్టుకున్నాను. ఊరి పేరు ఎలాగో చెప్పగలిగాను. ‘ట్యాంకరు’ దగ్గర ఆగిపోయాను. అటువైపు డెస్కులో వార్తలు రాసుకునే ఆయనకు పేజీ ముగించే తొందర. ‘ట్యాంకరుతో నీళ్లు ఇస్తున్నారు, అంతేనా?’ అన్నాడు. నా నోట్లోంచి ‘ఆఁ సార్’ అని వచ్చింది. ఆ ఒక్క మాటకు ఎప్పుడూ నత్తి ఉండేది కాదు.

పొద్దున పత్రికలో కంబదొడ్డికి ట్యాంకరుతో నీటి సరఫరా అని నాలుగు వరసల వార్త. ట్యాంకరు అడగడానికి మండలాఫీసుకు వెళ్లిన ఆ ఊరి ఆడవాళ్లకు పత్రికే చూపించి పంపేశారు. నేను ఎక్కడుంటానో కనుక్కుని వాళ్లు నేరుగా జయక్క అంగడి దగ్గరికి వచ్చారు. ముందున్నామె ఖాళీ బిందెను నా కాళ్ల దగ్గర పెట్టింది.

‘ఏమప్పా పేపరాయప్పా, మా ఊరికి ట్యాంకరొచ్చిందని ఏసినావంట. యాడ నిలబెట్టినారో చూపీ, పట్టుకోని పోతాం.’

వాళ్లు కాసేపు నిలబడి, తిట్టి, వెళ్లిపోయారు. ఫోనులో జరిగింది నేను చెప్పాక, జయక్క అట్టకు బంక రాస్తూనే అడిగింది.

‘ఆయప్ప తొందరపడినాడు, సరే. నువ్వేల ఆఁ అన్నావు?’

‘తొ... తొందరగా అయిపోతాదని.’

‘అంటే నీ బిందె నువ్వే తీసి ఎనక్కి పెట్టుకున్నావు.’

ఆమె సాయంత్రం నీలం బిందెను నా జేబులో వేసి, నా వెంట బూత్ దాకా వచ్చి మెట్టు మీద కూర్చుంది. ఫోను పక్క పలక మీద బిందెను బోర్లించాను. అటువైపు అదే గొంతు. దారి పొడుగునా మనసులో అనుకుంటూ వచ్చిన మాటలు చెప్పాను. ‘సార్, నాకు నత్తి. మధ్యలో ఆగుతాను. ఆగినప్పుడు మీరు పూర్తి చేయొద్దు. అయిపోతే నేనే అయిందని చెప్తాను.’ ఆ నాలుగు మాటలకే ఎంతసేపు పట్టిందో. బయట ఒకాయన అద్దం మీద తట్టాడు. జయక్క గొంతు వినబడింది. ‘ఆయప్ప బిందె ఇంకా బోర్లించి ఉండాది, కనపల్లేదా?’ ఆ పెద్దమనిషి లోపలికి తొంగిచూసి, బొటనవేలంత బిందెను చూసి, ఏమీ అర్థంకాక వెనక్కి తగ్గాడు. అటువైపు ఫోను పెట్టేశారేమో అనుకున్నాను. తర్వాత, ‘కాగితం తీసుకున్నా. చెప్పప్పా’ అని వినిపించింది.

పది రోజులు అని చెప్పాను. రావడం లేదు అని చెప్పాను. నిన్న చెప్పిన వార్త తప్పు, ఆ తప్పు నాది అని చెప్పాను. బిందె నిలబెట్టి, ‘అయింది’ అన్నాను.

మూడో రోజు ఓబులేసు బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే దూకి వచ్చాడు. ‘అన్నా, కంబదొడ్డి కాడ ట్యాంకరు చూసినా. బిందెలు ఆడినుంచి ఈడిదాకా ఉండాయి.’ నా ఉద్యోగం నిలిచింది. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా గుర్తుకొచ్చింది.

ఆ ఆట మరో ఐదారేళ్లు సాగింది. తర్వాత ఆఫీసుల్లో కంప్యూటర్లు వచ్చాయి, రిజిస్టర్లు తగ్గాయి. జయక్క అంగడి మూసి తుమకూరులో చెల్లెలి దగ్గరికి వెళ్లడానికి సిద్ధపడింది. చివరి ఆదివారం సామాన్లు కట్టిన గదిలో ఆడాం. అప్పటికి నేను అనంతపురంలో డెస్కులో చేరాను. బస్సు దిగి వస్తూ ఒక పచ్చ బిందె కొన్నాను. బస్సులో ఉండగా తట్టిన సంగతి అది. ఇన్నేళ్లలో ఆ గుడ్డ మీద ఆమెకంటూ ఒక బిందె లేదు. ఎలుగుబంట్లకు కూడా రాళ్లు ఉన్నాయి. ఆమె బెంగళూరు ఎందుకు పోయిందో, ఎందుకు తిరిగొచ్చిందో, ఆ వాన ఏ ఊరిదో మాలో ఎవరమూ అడగలేదు. అడగడమే వృత్తిగా బతికినవాణ్ని, నేనూ అడగలేదు.

పచ్చ బిందెను వరసలో అన్నిటికంటే ముందు పెట్టాను. ‘అక్కా, ఇది నీ వంతు. నీ కథ చెప్పు’ అన్నాను.

ఆమె చాలాసేపు దాన్ని చూసింది. తర్వాత రెండు వేళ్లతో దాన్ని మెల్లగా బోర్లించింది.

‘ఉండనీప్పా. యాడికి పోతాది?’ అంది. ‘వచ్చినప్పుడు చెప్తా.’ అని ఆగి, ‘ఇప్పుడు వంక కాడ వాన మొదలైంది. ఏం చేస్తారు?’ అంది.

తుమకూరు వెళ్లి రావాలని ప్రతి నెలా అనుకున్నాను. ప్రతి నెలా ఏదో వార్త అడ్డొచ్చింది. రెండేళ్లకు, జయక్క ఇక లేదని ఆమె చెల్లెలు కన్నడంలో రాసిన కార్డు వచ్చింది. దాన్ని మేరీకి చదివి వినిపించాను. ఎక్కడా ఆగకుండా చదవగలిగాను, అందుకే ఎక్కువ బాధ కలిగింది.

ఇప్పుడు మారుమూల మండలాల నుంచి ఎవరైనా ఫోను చేసి మాట కోసం తడుముకుంటే నేను కాగితం తీసుకుని ఊరుకుంటాను. వాళ్లు ‘అయింది సార్’ అనేదాకా ఆగుతాను. పక్క బల్లలవాళ్లకు అది విసుగు. నా బల్ల మీద ఆ చివరి ఆదివారం నాటి పచ్చ బిందె బోర్లించి ఉంటుంది. పొద్దున గది ఊడ్చే ఆమె బల్ల తుడిచి, అది పడిపోయిందనుకుని నిలబెట్టి పోతుంది. నేను వచ్చి, కుర్చీలో కూర్చోకముందే, దాన్ని మళ్లీ బోర్లిస్తాను.