బోర్లిచ్చిన కుండ

గంప తిరగబడి నా కోడిపిల్లలు షామీర్‌పేట బస్సంత ఉరుకుతున్నయ్. ఒక్కటి మాత్రం లేవలేక నా కాళ్ల కాడ్నే కూలవడ్డది. పక్కన బుర్ఖా ఏసుకున్న పెద్దామె దాన్ని ఎత్తి రొమ్ము తడిమింది.

“ఎముక కత్తి లెక్క తగుల్తాంది. ఏం పెడ్తున్నవ్ బేటీ?”

“నూకలు, ఖాలా. రోజూ నూకలే. ఇప్పటికే రెండు సచ్చినయ్, అందుకే పశువుల దవాఖానకు తీస్కపోతున్న.”

“తీస్కపో. గని మూడు పూటల ఒట్టి అన్నమే పెడ్తె నువ్వు నిలవడ్తవా? చెదలు పెట్టు. పాత కుండల తడి పేడ, గడ్డి కుక్కి, చెదలున్న కాడ బోర్లియ్యి. తెల్లారి లేపు.”

“ఛీ, పురుగులా?”

“నిన్ను తినమంటలేను గద.”

బస్సంత నవ్వింది, నేను గుడ నవ్వుకుంట ఉరికే పిల్లలను పట్టి గంపల ఏసిన. ఆమె ఆ బక్క పిల్లను నా ఒళ్లె పెట్టి, పేరన్న అడగకముందే దిగిపోయింది.

దవాఖానల డాక్టర్ సారు గుడ రోగమేం లేదు, తిండిల బలం లేదన్నడు. మాపటికే కుండ బోర్లిచ్చిన.

తెల్లారి లేపితె కుండ నిండ తెల్లటి చెదలు. పిల్లలన్ని ఎగవడ్డయ్, గా బక్కది మాత్రం రాలేకపోయింది. బొద్దింకను జూస్తె బుగులుకు మంచమ్మీదికి దుంకే నేను, ఇన్ని చెదలు అరచేతులకు ఎత్తుకొని దాని ముక్కు కాడ వెట్టిన. టిక్కుమని పొడిసింది. చక్కిలిగిలైనా చెయ్యి తియ్యలే.