క్లారీ హాబ్‌డే కేక

క్లారీ హాబ్‌డేకి ఉన్న జబ్బు ఒక్కటే, కేక. మనిషి కాస్త కనుమరుగైతే చాలు, అరచేతులు నోటికి దొప్పలా పెట్టి "కూ...ఈ" అని లంకించుకుంటాడు. ఎడారిలో తప్పిపోయినవాళ్ళ కోసం పుట్టిన కేక అది. క్లారీ దాన్ని సూపర్‌మార్కెట్లో పాలపొడి ఎక్కడుందో అడగడానికి కూడా వేస్తాడు. విన్నవాళ్ళు బదులు కేక వేసేదాకా వదలడు. ఆలిస్ స్ప్రింగ్స్ ఊళ్ళో కుక్కలు అలవాటుపడి మొరగడం ఎప్పుడో మానేశాయి.

కూతురు డెల్విన్‌కి మాత్రం అలవాటు కాలేదు. చిన్నప్పుడు బళ్ళో బహుమతి అందుకోవడానికి వేదికెక్కితే వెనక వరసలోంచి ఇదే కేక. ఆ రోజు ఆ పిల్ల బహుమతి వదిలేసి దిగొచ్చేసింది.

అలాంటిది, ఇప్పుడు కాబోయే అత్తమామలు మెల్‌బోర్న్ నుంచి దిగారు. మామగారు అలిస్టర్ జడ్జిగా చేసి రిటైరైన మనిషి, దగ్గినా రుమాలు అడ్డం పెట్టుకుంటాడు. వాళ్ళనీ, పెళ్ళికొడుకు రూపర్ట్‌నీ, కూతుర్నీ వెంటేసుకుని క్లారీ ఎర్రకొండల లోయలోకి నడకకి బయల్దేరాడు.

ఎండలో ఉన్నంతసేపూ కాస్త నయమే. కొండల నీడలోకి దిగాక మరీ రెచ్చిపోయాడు. రాయికో కేక, మలుపుకో కేక.

"మీ నాన్నగారు కుక్కని పిలుస్తున్నారా అమ్మా?" అని అత్తగారు ఫిలిప్పా మెల్లిగా అడిగింది.

"కాదండీ అత్తయ్యగారూ, మనల్నే," అంది డెల్విన్. సిగ్గుతో ఆమెకి తల కొట్టేసినట్టయింది. రూపర్ట్ ఈగల్ని తోలుకుంటూ ఏమీ విననట్టు నటించాడు. అతని మంచితనం చూస్తే ఇంకా సిగ్గేసింది.

ఆమె పరుగున వెళ్ళి తండ్రి చొక్కా పట్టుకుంది. "నాన్నా, నీకు దణ్ణం పెడతాను, ఆ నోరు కట్టెయ్యి. వాళ్ళు మనల్ని మనుషులనుకోవాలా వద్దా?"

"అది కాదు తల్లీ..."

"ఇంకొక్క కేక వేశావంటే నిన్ను నా పెళ్ళికి రానివ్వను."

క్లారీ నోరు మూసుకున్నాడు. మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తూ, కాళ్ళీడ్చుకుంటూ నడిచాడు.

మలుపు దాటి టీకి ఆగేసరికి అలిస్టర్ లేడు.

ఫిలిప్పా మొహం పాలిపోయింది. "ఆయనకి రేచీకటమ్మా. నీడలోకొస్తే కాలికింద రాయి కూడా ఆనదు. చెప్పుకోడానికి నామోషీ. మీకు తెలియనివ్వనని నాచేత ఒట్టేయించుకున్నారు. చెయ్యి కూడా పట్టుకోనివ్వరు."

"నాకు తెలుసు చెల్లెమ్మా," అన్నాడు క్లారీ. "నిన్న చీకటిపడ్డాక మా వరండాలో కోట్లు తగిలించే కొయ్యకి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. క్షేమ సమాచారాలు కూడా అడిగారు."

"మరి నాతో చెప్పలేదేం నాన్నా?"

"ఆయన దాచుకున్న మాట కదమ్మా. నేను ఊరంతా చాటుతానా?"

పొద్దుట్నించీ ఆ కేకలు పట్టుకునే మామగారు నడిచాడన్నమాట. ఆ దారాన్ని తెంపిపారేసింది తనే. అంతవరకూ తండ్రిని చూసి సిగ్గుపడ్డ పిల్ల, తనని చూసుకుని చచ్చేంత సిగ్గుపడింది.

క్లారీ నోటిదాకా చేతులు ఎత్తి, అనుమతి కోసం కూతురి వంక చూశాడు. డెల్విన్ అతన్ని పక్కకి తోసి, తనే "కూ...ఈ" అని పెట్టింది కేక. కొండలు రెండూ అదిరిపోయాయి. రూపర్ట్ చేతిలోని టీ ఒలికింది. జవాబు లేదు. మళ్ళీ వేసింది, గొంతు చిరిగేలా.

ఎండిన వాగులోంచి ముందు దగ్గు వినిపించింది. తర్వాత, జలుబు చేసిన కోడిపుంజు కూసినట్టు, "కూ... ఈ."

ఫిలిప్పా సిగ్గుతో టోపీని ముక్కుదాకా లాక్కుంది.

"'ఈ' దగ్గర ఇంకాస్త సాగదియ్యాలి బావగారూ," అని క్లారీ పైనుంచి సలహా ఇచ్చాడు.

అలిస్టర్ సాగదీశాడు. ఈసారి బాగానే వచ్చింది. దాంతో హుషారెక్కి మళ్ళీ వేశాడు. డెల్విన్ వాగులోకి దిగి చెయ్యి పట్టుకున్నాక కూడా ఆయన మానలేదు.