ఇద్దరు మేనేజర్ల కింద మా ఫోర్‌మన్ అన్న

మా ఫోర్‌మన్ అన్న పోయాడు. పొద్దున డ్యూటీ బస్సు ఎక్కుతుంటే జగిత్యాల నుంచి ఆయన అల్లుడు ఫోన్ చేశాడు. ఆసుపత్రి మా ఇంటికి రెండు సిగ్నళ్ళ దూరం. కబురు మాత్రం ముందు ఊరికి వెళ్ళి, అక్కణ్నుంచి తిరిగి నా దగ్గరికి వచ్చింది. గల్ఫ్ బతుకుల్లో ఇది మామూలే, ఆసుపత్రివాళ్ళు ముందు ఇంటి నంబరుకే చేస్తారు. "మామ పాణం పోయిందట అన్నా. మీరు జర పోయి సూస్తరా?" అన్నాడు అల్లుడు. సరే అన్నాను. అని, అదే బస్సులో కూర్చుని మా వర్క్‌షాపు ఉన్న ముసఫ్ఫా దాకా వెళ్ళిపోయాను. ఎందుకు దిగలేదో ఇప్పటికీ తెలీదు. వర్క్‌షాపు గేటు దగ్గర దిగి, కార్డు తీసి చేతిలో పట్టుకున్నాక గుర్తొచ్చింది. మళ్ళీ టాక్సీ చేసుకుని వెనక్కి వచ్చాను.

ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా రావడం లేదు. నా సంగతి వదిలేయండి, ఆయన గురించి చెప్తాను.

జగిత్యాల పక్క పల్లె నుంచి వెల్డరుగా వచ్చినవాడు. ముసఫ్ఫాలో, చమురు బావుల్లోకి దించే పైపులకి మరలు కోసే వర్క్‌షాపులో ఫోర్‌మన్ అయ్యాడు. నేను అక్కడే ప్లానింగ్ గుమస్తాని. మాది గోదావరి వైపు. సెలవు రోజు మధ్యాహ్నం మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. మా ఆవిడ చేపల పులుసు పెడితే "మీ ఆంధ్రోళ్ళు చేపను చంపి మల్ల చింతపండుల ముంచి చంపుతరు" అని తిడుతూ రెండోసారి వేయించుకునేవాడు.

ఆయన అమెరికా చూడలేదు, యూరప్ చూడలేదు. ఆ రెండే ఒకదాని తర్వాత ఒకటి మా షెడ్డుకి వచ్చాయి. మొదట మాది అమెరికా కంపెనీ. కరోనా తర్వాత దాన్ని జర్మనీవాళ్ళు కొన్నారు. షెడ్డు అదే, లేత్ మిషన్లు అవే, స్థలం, వీసాలు ఇచ్చే అరబ్బు యజమాని, కఫీల్ ముసలాయన కూడా ఆయనే. పై కుర్చీలో మనిషి మారాడంతే. అందుకే మా వాళ్ళలో ఎవరు పై దేశానికి పోవాలన్నా, అమెరికా మంచిదా, యూరప్ మంచిదా అని అన్ననే అడిగేవాళ్ళు. ఆయన వెంటనే చెప్పేవాడు కాదు. "నీకు ఉరకాల్నని ఉన్నదా, కూసోవాల్నని ఉన్నదా? అది జెప్పు ముందు" అనేవాడు.

ఆయన్ని ఫోర్‌మన్ని చేసింది అమెరికా మేనేజరు. టెక్సాస్ మనిషి, పెద్ద గొంతు. ఓ రోజు పాడైన పైపు దగ్గర అందరూ తలలు గోక్కుంటుంటే అన్న వెల్డింగ్ చేసి చూపించాడట. ఆ వారమే ఫోర్‌మన్ టోపీ ఇచ్చేశాడు. సర్టిఫికెట్ ఉందా, ఏం చదివావు అని ఒక్క మాట అడగలేదు. తీసేటప్పుడూ అంతే, ఒక్క మాట ఉండదు. కరోనా ఏడాది ఎండాకాలంలో ఓ పొద్దున సగంమందికి గేటు దగ్గర కార్డు పెడితే తెరుచుకోలేదు. ఎర్ర దీపం వెలిగింది, వెనక్కి వెళ్ళిపోయారు. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే పిల్లల బడి కూడా పోతుంది. అన్న కార్డుకి ఆకుపచ్చ దీపం వెలిగింది. కానీ లోపలికి రాలేదు. ఎర్ర దీపం వెలిగిన ప్రతి మనిషి చెయ్యీ పట్టుకుని సాయంత్రం దాకా గేటు దగ్గరే నిలబడ్డాడు. కొన్నాళ్ళకి ఆ టెక్సాస్ మేనేజరు కార్డు కూడా తెరుచుకోలేదు. ఆయన నవ్వి, అందరికీ చెయ్యి కలిపి, కారెక్కి వెళ్ళిపోయాడు. ఏడాది తిరక్కుండా దుబాయ్ దగ్గరి జెబెల్ అలీలో సొంత వర్క్‌షాపు పెట్టాడు. "పడుడు, లేసుడు రెండు ఒక్కతీర్గనే జేస్తడు భై" అని అన్న ముచ్చటపడ్డాడు.

ఆ టెక్సాస్ మేనేజరు ఇంకా ఉండగా వచ్చిన దసరా సంగతి చెప్పాలి. ఆయుధ పూజ చేసుకుంటామని అన్న అడిగితే, "తప్పకుండా, దేవుడు మనకి కావాలి" అని మేనేజరు పెద్దగా అన్నాడు. కఫీల్ ఇంటి నుంచి ఖర్జూరాల పెట్టె వచ్చింది. "ఆగ్ దూర్ రఖో, ఖలాస్" అని, నిప్పు దూరంగా ఉంచితే చాలని, ఒకే షరతు పెట్టాడా ముసలాయన. అంతా బాగానే ఉంది కానీ, అర్జెంటు ఆర్డరు ఉందని మేనేజరు లేత్ ఆపనివ్వలేదు. పనిముట్లకి విశ్రాంతి ఇచ్చి కదా పూజ చేస్తాం. మావాళ్ళు నడుస్తున్న లేత్‌కే పూజ చేశారు. తిరిగే చక్రానికి అన్న బొట్టు పెట్టబోతే కుంకుమ, నూనె కలిసి ఎగిరి ఆయన చొక్కా నిండా, మాస్కు నిండా పడ్డాయి. మేనేజరు చేతులు కట్టుకుని నిలబడి, లడ్డూ తిని, భుజం తట్టి, "యల్లా, యల్లా" అని పనికి తొందరపెట్టాడు. హారతి పళ్ళెంలో కర్పూరం ఇంకా వెలుగుతూనే ఉంది, అన్న పైపు మరల కొలత చూడ్డానికి వంగాడు.

నేను క్రైస్తవుణ్ని. దూరంగా నిలబడితే అన్నే పిలిచాడు.

"మీ దేవుడు వడ్లోల్ల కట్టె పని జేసినాయిననే గద తమ్మీ. ఉలికి బొట్టు పెడితె ఏమనడు, రా."

వెళ్ళి కొబ్బరికాయ పట్టుకున్నాను. మా పాస్టరుగారికి ఈ సంగతి ఇంతవరకూ చెప్పలేదు.

జర్మనీ మేనేజరు వచ్చిన వారంలో గోడలన్నీ ఖాళీ చేయించాడు. దేవుళ్ళ క్యాలెండర్లు, అమెరికా జెండా, నా టేబుల్ మీది బైబిల్ వాక్యం కార్డు, అన్నీ. పని చోట మతం వద్దన్నాడు, ఎవరి మతమైనా సరే. కఫీల్ గదిలో గోడకున్న అరబ్బీ వాక్యం మాత్రం ముట్టుకోలేదు. "ఆయిన ఇల్లు ఆయినది, గంత మాత్రం తెలివి ఉండాలె గద" అన్నాడు అన్న. దసరాకి పూజ అడిగితే మేనేజరు కుదరదన్నాడు. కానీ మీ పండగ కదా, సెలవు తీసుకోండి, అది మీ హక్కు అన్నాడు. ఫోర్‌మన్ లేకుండా మిషన్లు నడపకూడదని ఆ రోజు షెడ్డే మూసేశాడు. అన్న మా ఇంటికొచ్చి సోఫా చివర కూర్చున్నాడు. టీవీ పెడితే చూడలేదు, కాఫీ ఇస్తే చల్లారబెట్టాడు.

"లేత్ ఆగింది, మంచిగనే ఉన్నది. ఆగిన లేత్‌కు బొట్టు పెట్టేటోడు లేడు" అన్నాడు.

కప్పు చేతిలోకి తీసుకుని మళ్ళీ అన్నాడు. "అమెరికాయన దేవున్ని లోపటికి రానిస్తడు గని కూసోనియ్యడు. జర్మనాయన మనిషిని కూసోపెడ్తడు గని దేవున్ని గడప దాటనియ్యడు."

ఈ మాట మా క్యాంపుల్లో చాలామందికి తెలుసు. ఎవరు అన్నారో తెలియకుండా చెప్పుకుంటుంటారు. అన్నది ఆయన, మా సోఫాలో, చల్లారిన కాఫీ పట్టుకుని.

అన్నీ సరిగ్గా తెలిసిన మనిషేం కాదు. యూరప్ అంటే ఒకటే దేశం అనుకునేవాడు, జర్మనీ దాని రాజధాని అన్నట్టు మాట్లాడేవాడు. యూరప్‌లో అసలు దేవుడే లేడని ఆయన నమ్మకం. ఓసారి భోజనాల దగ్గర జర్మనీ మేనేజరు, మా దేశంలో చర్చి సభ్యులు జీతంలోంచి చర్చికి పన్ను కడతారు, నేనూ కడతాను అన్నాడు. చర్చికి వెళ్తారా అని నేనడిగితే, క్రిస్మస్‌కి అన్నాడు. అన్నకి తెలుగులో చెప్తే ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయాడు. "తను పోని గుడికి పన్నా! అమెరికోడు దేవున్ని డాలర్ నోటు మీద రాసుకుండు, ఈయిన పన్నుల పెట్టుకుండు. దేవుడు ఇద్దరి జేబులల్లనే ఉన్నడు గద మల్ల" అని పగలబడి నవ్వాడు. మేనేజరుకి ఏమీ అర్థం కాక ఆయన కూడా నవ్వాడు.

తర్వాత అన్నకి కిడ్నీలు చెడ్డాయి. వారంలో కొన్ని పూటలు డయాలసిస్‌కి పోవాల్సి వచ్చింది. అమెరికా రోజుల్లో అయితే కార్డు తెరుచుకునేది కాదని అందరికీ తెలుసు. జర్మనీ మేనేజరు ఆసుపత్రి వేళలు చూసి డ్యూటీ మార్చాడు, జీతం తగ్గించలేదు, లేత్ పక్కన కుర్చీ వేయించాడు. అన్నకి ఆ కుర్చీ అంటే సిగ్గు. ఎవరైనా వస్తే లేచి నిలబడేవాడు. "కూసుంటె ఫోర్‌మన్ లెక్క కాదు, మంగలి దుకాన్ల గిరాకి లెక్క ఉంటది" అనేవాడు. ఓ రోజు మెట్ల మీద నా భుజం పట్టుకుని దిగుతూ అన్నాడు. "అమెరికాయన లేకుంటె ఫోర్‌మన్ అయ్యేటోన్ని కాదు. జర్మనాయన లేకుంటె ఈపాటికి బతికుండేటోన్ని కాదు. ఎవన్ని పెద్ద జెయ్యాలె జెప్పు." జవాబు కోసం ఆగకుండా తర్వాతి మెట్టు దిగాడు.

ఇప్పుడు నా సంగతి కొంచెం చెప్పక తప్పదు. జెబెల్ అలీ నుంచి టెక్సాస్ మేనేజరు ఫోన్ చేశాడు. వచ్చెయ్, ప్లానింగ్ మొత్తం నీకే అప్పజెప్తా అన్నాడు. ఇక్కడ నాకు గుమస్తా పని దాటి పైకి మెట్టు లేదు. పై కుర్చీకి కావలసిన డిగ్రీ నా దగ్గర లేదని జర్మనీ మేనేజరు మర్యాదగానే చెప్పాడు. అక్కడికి వెళ్తే మనిషినవుతాను. కానీ మా అమ్మాయి పదకొండో తరగతి. మధ్యలో ఓ పొద్దున నా కార్డు తెరుచుకోకపోతే ముగ్గురం సామాను సర్దుకోవాలి. మా ఆవిడ "మీ ఇష్టం" అంది. మా ఇంట్లో ఆ మాట చాలా భయంతో వస్తుంది. అప్పటికి అన్న ఆసుపత్రిలో చేరాడు, అక్కడికే వెళ్ళి ఆయన్నే అడిగాను.

"ఇప్పుడు మందు మత్తున్నది తమ్మీ. ఆదివారం రా, సోంచాయించి జెప్త" అన్నాడు.

ఆదివారం రాకముందే అల్లుడి ఫోన్ వచ్చింది.

శవాన్ని ఊరికి పంపే ముందు, పెట్టెలో పెట్టి చివరిచూపుకి ఉంచారు. మార్చురీ వెనక సందులో, మధ్యాహ్నం ఎండలో, షెడ్డులోవాళ్ళందరూ వచ్చారు. కఫీల్ ముసలాయన కొడుకు మంచినీళ్ళ పెట్టెలు పంపాడు. అందరికంటే ముందు వచ్చింది టెక్సాస్ మేనేజరు. జెబెల్ అలీ నుంచి తానే కారు నడుపుకుంటూ వచ్చాడు. టోపీ తీసి, ప్రార్థన చేయవచ్చా అని అడిగి, పెట్టె మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థించాడు. మా వాళ్ళలో కొందరు ఆమెన్ అన్నారు, కొందరు దండం పెట్టారు. ఆయన జేబులో ఫోను మోగుతూనే ఉంది. కళ్ళు తుడుచుకుని నా దగ్గరికి వచ్చాడు. "రేపు నీ జవాబు కావాలి" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆయన తప్పేం లేదు. నాకిచ్చిన గడువు ముగిసేది మర్నాడే, అడగాల్సిన రోజు అదే.

పక్కకి తిరిగి ఈ సంగతి అన్నకి చెబుదామనుకున్నాను. నిజంగా తిరిగాను కూడా.

మర్నాడు టెక్సాస్ మేనేజరుకి ఫోన్ చేసి రానని చెప్పాను. ఎందుకని ఆయన అడిగాడు, మా ఆవిడా అడిగింది. యూరప్ మంచిదని తేల్చుకున్నానా అంటే లేదు. అన్న ఉంటే ఏం చెప్పేవాడో నాకు తెలీదు, ఇక తెలియదు కూడా. ఆ మధ్యాహ్నం చూసింది ఒక్కటే చెప్పగలను.

జర్మనీ మేనేజరు మొదటి నుంచీ చివరిదాకా నీడలోకి జరక్కుండా నిలబడ్డాడు. దండం పెట్టలేదు, ప్రార్థన చేయలేదు. మధ్యలో ఒకసారి నా దగ్గరికి వచ్చి, "ఇప్పుడు నేనేం చేయాలి? మీలో ఏం చేస్తారు?" అని అడిగాడు. ఇక్కడ చేసేదేం లేదు సార్, అన్నీ ఊళ్ళోనే అన్నాను. తల ఊపి మళ్ళీ తన చోటికి వెళ్ళాడు. మొహం ఎర్రగా కాలిపోయింది.

పెట్టెను వ్యానులోకి ఎక్కించారు. సందు ఇరుకు, వ్యాను తిరగదు. రోడ్డు దాకా వెనక్కే పోవాలి. పఠాన్ డ్రైవరు బిస్మిల్లా అనుకుని రివర్స్ వేశాడు. అప్పుడు జర్మనీ మేనేజరు గబగబా తన కారు దగ్గరికి వెళ్ళాడు. షెడ్డులో వేసుకునే నారింజ రంగు కోటు తెచ్చి, తెల్ల చొక్కా మీద వేసుకుని, వ్యాను వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. దారి చూపించే మనిషి లేకుండా ఏ బండీ వెనక్కి రాకూడదన్నది మా షెడ్డులో నియమం. ఆ పనికి ఎప్పుడూ ఓ హెల్పరు ఉంటాడు. మేనేజరు చేయగా నేనెప్పుడూ చూడలేదు. రెండు చేతులూ తల పైకెత్తి, రా, రా అన్నట్టు ఊపుతూ, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ నడిచాడు. అన్న ఆయన వైపే వస్తున్నాడు. మేమంతా గోడకి ఆనుకుని దారి ఇచ్చాం. రోడ్డు దగ్గర ఆయన కార్లని ఆపాడు. వ్యాను వెనక్కి దిగి, మలుపు తిరిగి, విమానాశ్రయం వైపు వెళ్ళిపోయింది. ఆపిన కార్లు కదిలాయి, హారన్లు కొట్టాయి. నారింజ కోటులో, రోడ్డు మధ్య, ఆయన చేతులు ఇంకా పైకే ఉన్నాయి.