ఆమె ఒప్పుకున్న నేరం

రెండువేల ఆరులో అనుకుంటాను, ఒక మధ్యాహ్నం భద్రాచలం నుంచి కొత్తగూడెం వెళ్లే బస్సులో ఉన్నాను. పక్క సీట్లో కూర్చున్న అమ్మాయి నా చేతిలోని పేపరు వైపు వంగి చూసింది. దొంగతనం చేసి దొరికిన ఇద్దరు పిల్లల వార్త అది. ఆమెకు పాతికేళ్లు కూడా ఉండవు.

"మగపిల్లలనే పట్టుకపోతరు మేడమ్," అంది మెత్తగా. "మా చిన్నాయన ఇంటికి నిప్పు పెట్టింది నేను. నాకప్పుడు పద్నాలుగేండ్లు. ఆయన లోపల పండుకొని ఉన్నడని తెలుసు. పోలీసులొచ్చి మా తమ్ముణ్ణి తీస్కపోయిండ్రు."

"ఆయన బతికాడా?"

తల అడ్డంగా ఊపింది.

"మరి నువ్వు చెప్పలేదా?"

"చెప్పిన. తమ్ముని కోసం అబద్ధమాడుతున్న అనుకొని ఎస్సై నా తల నిమిరిండు. తమ్ముడు రెండేండ్లకు పిల్లల జైలు నుంచి వచ్చిండు. ఇప్పటికీ నేను వండితే తినడు."

"చిన్నపిల్లవి కదమ్మా, భయంలో అట్లా అనుకుని ఉంటావు," అన్నాను.

"మీరు గూడ నమ్మలే," అని నవ్వి, నా తల మీద చెయ్యి వేసి నెమ్మదిగా నిమిరింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. తర్వాత బస్సు ఆపించి, ఊరేదీ కనిపించని చోట దిగి, టేకు చెట్లలోకి నడిచి వెళ్లింది.

నేను బళ్లో పాఠాలు చెబుతాను. క్లాసులో ఏదైనా పోతే నా కళ్లు ఇప్పటికీ ముందు మగపిల్లల వైపే పోతాయి. ఆడపిల్లల వరుసలో అందరికంటే నిమ్మళంగా కూర్చున్న పిల్ల వైపు చూడాలంటే మాత్రం భయమేస్తుంది.