ఎవురూ చూడని బల్లి

మా పాప పదో తరగతి. మొన్న బడి నుంచి వచ్చి, సంచి మంచం మీద పారేసి, "అమ్మా, ఇంట్లో పెద్దోళ్ళు ఊరికి చేసిన సేవ గురించి రెండు పేజీలు రాసుకోని రమ్మన్నారు, చెప్పు" అనింది. ఊరికి నేనేం సేవ చేసినానే అంటే, "బడి కమిటీలో ఉంటివి గదా, అది చెప్పు. పక్కింటి పాప వాళ్ళ తాత వినాయకుడి ఊరేగింపుకు జనరేటరు పెట్టించినాడని రాసుకునింది, మనకు అంతకంటే పెద్దదే ఉండాది" అని పుస్తకం తెరిచి కూర్చునింది. నాకు చదువు రాదు. బస్సు మీద బోర్డు కూడబలుక్కుంటాను, పేరు రాయమంటే మూడో అక్షరం కాడ ఆపేసి ఏలిముద్రే ఏస్తాను. అందుకని నేను నోటితో చెప్తా పోయినాను, అది రాస్తా పోయింది. రెండు పేజీలు అయిపోయినా నేను ఆపలేదు, అది గూడా ఆపమనలేదు. బడికి ఇచ్చేదానికి వేరే ఏదన్నా రాసుకుంటానులే, ఇది ఉండనీ అనింది.

మాది పూతలపట్టు రోడ్డు దిగి మామిడి తోపుల్లోంచి లోపలికి నడిచిపోయే ఊరు. మా ఇంటాయన బోర్లు ఏసే లారీ మీద పనికి పోయి తిరిగి రాలేదు, పాప అప్పుడు చంకలో ఉన్నింది. అది రెండో తరగతికి వచ్చిన ఏడు బడిలో కమిటీ ఎన్నిక అన్నారు. తల్లిదండ్రులందరూ రావాల, చేతులెత్తి ఎన్నుకోవాల. వచ్చింది ఎవురంటే పెద్దింటాయన, ఆయన ఎనకాల నలుగురు, ఆడోళ్ళం ఒక పదిమంది. పెద్దింటాయనకు ఆ బడిలో బిడ్డలెవురూ లేరు, మనవళ్ళు చిత్తూరులో ఇంగ్లీషు బడికి పోతా ఉన్నారు. అయినా ఊర్లో ఏది జరిగినా ఆయన కుర్చీ ముందర పడాల్సిందే. మధ్యాన్నం వంట చూసేదానికి ఒక ఆడమనిషి కావాలని హెడ్మాస్టరు సారు అడిగితే, అందరూ ఇంట్లో మొగుణ్ణి అడగాల అన్యారు. పెద్దింటాయన నా పక్క చెయ్యి చూపించి, "ఈ పాపనెయ్యండబ్బా, వద్దనే మొగుడు గూడా లేడు" అన్యాడు. అందరూ నగినారు. నేను గూడా నగినాను. ముండమోసిందానికి గూడా ఒక పదవి వస్తాదని ఆ పొద్దే తెలిసింది నాకు.

తరవాత ట్రైనింగని మండలాఫీసుకు పిలిచినారు. ఉప్మా పొట్లం ఇచ్చి, కుర్చీలో కూర్చోబెట్టినారు. సర్కారోళ్ళు నాకు కుర్చీ ఏసింది నా జన్మకు అదే మొదలు. ఆడ ఒక మేడం మైకు పట్టుకోని, "బడి సర్కారుది కాదమ్మా, మీది. మీ బిడ్డల పళ్ళెంలో ఏం పడతా ఉందో చూడాల్సింది మీరే" అనింది. ఆ మాట నాకు తలకెక్కింది. రూలు ఏందంటే, బడిలో వండింది బిడ్డలకు పెట్టకముందు కమిటీలోని తల్లి ఒకరు వచ్చి తిని చూడాల. బాగుంటే రిజిస్టర్లో సంతకమో ఏలిముద్రో ఎయ్యాల. బాగలేదంటే ఆ పొద్దు ఆ కూడు పెట్టకూడదు. వంట చేసే ఆమెకు పారబోసే హక్కు లేదు. సారు గూడా తనంతట తాను పారబోయలేడు. తిని చూసిన తల్లి వద్దని చెప్పాల. అంటే నేను.

వంట చేసే ఆమె నాకంటే నాలుగేండ్లు పెద్దది, అక్కా అని పిలుస్తా ఉంటిని. ఆమెది ఊరి బయటుండే కాలనీ. కమిటీలో పేరుండే ఇంకో ఇద్దరు ఆడోళ్ళు ఆమె చేతి బువ్వ నోట్లో పెట్టరు, అందుకనే ఆరు దినాలూ నేనే పోవాల. నేనేం పెద్ద మనిషిని గాను, మొదటి దినం నేను గూడా ఏలి కొసతో రవంత తీసుకోని నాలిక్కి తగిలించుకుంటిని. అక్క అది చూసింది. "ఏమ్మే, మందు నాకినట్టు నాకతా ఉండావు? బిడ్డలు తినేది ఇట్లనేనా? పళ్ళెం పట్టు" అని గరిటె నిండా పెట్టింది. సిగ్గుతో తిన్యాను. రెండో గరిటె నేనే అడిగినాను. ఆ రేకుల షెడ్డు, కట్టెల పొగ, తాలింపులో కరివేపాకు చిటపటమనే చప్పుడు, అన్నం గుండిగ మూత తీస్తే మొగానికి కొట్టే ఆవిరి, ఇవన్నీ నాకు ఇంగా ముక్కులోనే ఉండాయి. పప్పుచారులోకి ఆమె ఇంటి కాడి నుంచి కొత్తిమీర తెచ్చి ఏసేది, ఎవురూ అడగలేదు, ఎవురూ ఇయ్యలేదు. మూతలంటే ఆమెకు పిచ్చి. ఉప్పు డబ్బాకు గూడా మూత మీద రాయి పెట్టేది.

ఆ ఏడు ఒకతూరి కోడిగుడ్లు చెడిపోయినవి వచ్చినాయి. నేను ఒకటి ఒలిచి వాసన చూసి వద్దన్యాను. సారు నెత్తి గోక్కోని, నేను చెప్పినట్టే రాసుకున్యాడు. నేను, అక్క ఇద్దరం బడి ఎనక గుంత తీసి గుడ్లన్నీ పూడ్చినాము. బిడ్డలు చుట్టూ నిలబడి చూస్తా ఉంటే అక్క, "దండం పెట్టుకోండిరా, పెద్ద కర్మ పదకొండో దినం" అనింది. ఇంటికి పోతా ఉంటే నా నడకే మారిపోయిందని మా పాప ఇప్పటికీ ఎగతాళి చేస్తాది. నిజమే, మారింది. ఒక మాట చెప్తే సర్కారు కూడు ఆగిపోయింది గదా.

ఆ మరుసటేడు మామిడికాయలు ఇరగ్గాసినాయి. రసం ఫ్యాక్టరీలో కాయలు కోసేదానికి ఆడోళ్ళు కావాలని తెల్లారి ఏడుకే వ్యాను వచ్చేది. పోతే మాపటికి గానీ ఇడవరు. బడి తెరిచినా ఫ్యాక్టరీ సీజను అయిపోలేదు. నాకు బదులు పోయి తిని చూడమని కమిటీలోని ఆ ఇద్దర్నీ అడిగినాను, ఇద్దరూ ఏదో ఒక సాకు చెప్పినారు. సోమవారం పొద్దున్నే సారు మోటారు సైకిల్లో పోతా వ్యాను కాడ నన్ను చూసి ఆగినాడు. ఆయన మంచోడే, ఒక్కడే అయిదు తరగతులు చెప్పాల, దినానికి ఎన్నో పుస్తకాలు నింపాల. "ఏం చేస్తావమ్మా, నీ పని పోగొట్టుకుంటావా? వారానికి సరిపోయేటట్టు ఏసేసి పో" అని సంచిలోంచి రిజిస్టరు, ఇంకు డబ్బా తీసినాడు. వ్యాను బానెట్టు మీద పెట్టి ఆరు గళ్ళల్లో ఆరు ఏలిముద్రలు ఏసినాను. డ్రైవరు హారను కొడతానే ఉన్న్యాడు. ఏలికి అంటిన ఇంకును మామిడి తొక్కతో తుడుచుకున్యాను. అట్ల మూడు వారాలు జరిగింది.

నాలుగో వారం, బేస్తవారం. ముందు దినాల్లో వాన పడి స్టోరు గది కప్పు కారింది, కందిబ్యాళ్ళ మూట అడుగున తడిసి ముగ్గిపోయుండాది. అక్క నాలుగు నీళ్ళు కడిగినా వాసన పోలేదంట. ఉడికినాక ఇంగా జాస్తి అయ్యిందంట. సారు కాడికి పోయి, "ఈ పప్పు పెట్టొద్దు సారూ, ఉత్త మజ్జిగన్నం పెడదాము" అనిందంట. సారు రిజిస్టరు తీసి చూపించినాడు. బేస్తవారం గడిలో నా ఏలిముద్ర ఉండాది, బాగుండాదని. "తిని చూసిన తల్లి బాగుందని ఏసిండాక, ఇప్పుడు పారబోస్తే నేను ఏమని రాసేది?" అన్యాడంట. ఇదంతా ఆ పొద్దు నీళ్ళ కోసం వరండాలోకి వచ్చిన మా పాప చెవులారా ఇనింది. తరవాత అందరితో పాటు పంక్తిలో కూర్చోని ఆ పప్పన్నమే తినింది.

మాపటికి నేను వ్యాను దిగేసరికి ఊర్లో పిల్లోళ్ళు లేరు. అందర్నీ చిత్తూరు ఆసుపత్రికి ఎత్తకపోయినారు. వార్డులో ఒక్కో మంచానికి ఇద్దరు బిడ్డలు, వాంతులు, ఏడుపులు. మా పాప చేతికి సూది, మొగం సున్నం మాదిరి ఉండాది. అక్క ఆ మంచానికీ ఈ మంచానికీ బేసిను పట్టుకోని తిరగతా ఉండాది. ఎవురో ఆమెను తిడతా ఉండారు, ఆమె బేసిను కడుక్కోని మళ్ళా వస్తా ఉండాది. నేను ఆమె కండ్లలోకి చూడలేదు. దేవుడి దయ, ఏ బిడ్డకూ ఏమీ కాలేదు, మూడో నాటికి అందరూ ఇంటికి వచ్చినారు.

సోమవారం ఎంక్వయిరీకి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. నేను బడికి పోతా ఉంటే పెద్దింటాయన దోవలో నిలబడుండాడు. "నువ్వు తిన్యానని చెప్పు పాపా. తినలేదంటే సారు ఉద్యోగం పోతాది, నీ మీద కేసు పడతాది. సారు పోతే ఇంగో సారును ఈ ఊరికి ఎయ్యరు, బడికి బీగం ఏస్తారు. ఊరి బడి ఇప్పుడు నీ నోట్లో ఉండాది" అన్యాడు. బడి కోసమే ఆ పని చేసినానని నేను చానా దినాలు నాకు నేనే చెప్పుకుంటిని. గాదు. కేసు అనే మాట ఇన్యాక నాకు ఇంగే మాటా చెవికెక్కలేదు.

ఆఫీసరమ్మ రిజిస్టరు ముందర పెట్టి, "ఈ ఏలిముద్ర నీదేనా?" అనింది.

"నాదేమ్మా."

"ఆ పొద్దు తిని చూసినావా?"

"చూసినాను."

"ఎట్లుండింది?"

"బాగుండింది."

అక్క షెడ్డు వాకిట్లో నిలబడుండాది. "నేను వద్దంటిని మేడం, సారుకు గూడా చెప్తిని" అనింది. సారు తల ఎత్తలేదు. ఆఫీసరమ్మ విసుక్కోని, "తిన్న మనిషే బాగుందంటా ఉంటే నువ్వు వద్దన్యానంటావేంది?" అనింది. అక్క నా పక్క ఒకసారి చూసి, "ఆమె చెప్పినాక ఇంగేముందిలే మేడం" అని షెడ్డులోకి పోయింది. అప్పుడు పెద్దింటాయన కుర్చీలోంచే, "మూత తీసి పెట్టింటాదమ్మా, తరవాత బల్లి పడుంటాది" అన్యాడు. ఆఫీసరమ్మ అదే రాసుకునింది. ఆ బల్లిని ఎవురూ చూడలేదు. పప్పులో గానీ, గుండిగలో గానీ, పళ్ళెంలో గానీ ఎవురికీ కనబళ్ళేదు. అయినా మాపటికి ఊరంతా దాని పొడుగెంతో చెప్తా ఉండాది.

ఆ రోజు ఇంటికి వచ్చినాక మా పాప, "అమ్మా, నువ్వు ఆ పొద్దు ఫ్యాక్టరీలో గదా ఉన్నింది?" అని అడిగింది. ఎనిమిదేండ్ల బిడ్డ. నోర్మూసుకోమన్యాను. మూసుకునింది. మొన్న ఈ మాట కాడికి వచ్చేసరికి పెన్ను ఆపి, రాయమంటావా అని అడిగింది. రాయమన్యాను.

అక్కను పనిలోంచి తీసేసినారు. పెండ్లిండ్లకు వంటకు పిలిచేటోళ్ళు గూడా మానుకున్యారు. ఆమె రోడ్డు మీద పోతా ఉంటే పిల్లోళ్ళు బల్లి సాంబారో అని అరిచేవాళ్ళు, పెద్దోళ్ళు ఇనీ ఇననట్టు పోయేవాళ్ళు. ఆరు నెలలు ఓర్చుకోని, ఇంటికి బీగం ఏసి రేణిగుంటకు ఎళ్ళిపోయింది. ఇంగ బడి సంగతి. కప్పు కారేది ఎవురికీ గుర్తు రాలేదు. ఆ బడినే నమ్ముకోనుండేవాళ్ళు గూడా భయపడి బిడ్డల్ని ప్రైవేటు బడి వ్యాన్లలో ఎక్కించినారు. రెండేండ్లకు పిల్లోళ్ళు చాలరని పై తరగతులను మూడు మైళ్ళ అవతలి బడిలో కలిపేసినారు, సారును బదిలీ చేసినారు. నా నోట్లో ఉన్నిందన్న బడి అట్ల పోయింది.

ఈ మధ్యనే నేను రేణిగుంటకు పోయినాను. తిరుపతిలో బస్సు మారి, అడగతా అడగతా పోతే, రైలు గేటు అవతల ఒక్క గది ఇల్లు. అక్క గోడౌనులో ఊడ్చే పనికి పోతా ఉండాది, ఆ పొద్దు సెలవు. నన్ను చూసి, "ఏమ్మే, దోవ తప్పినావా?" అనింది. చాప ఏసింది, నీళ్ళిచ్చింది. నేను నీళ్ళు తాగకుండానే చెప్పేసినాను. ఆ పొద్దు నేను ఆడ లేను, మేడం కాడ అబద్ధం చెప్పినాను అని. ఏడుస్తాదో తిడతాదో అనుకుంటిని. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరతా ఉండాది, చాట కింద పెట్టలేదు.

"నువ్వు లేవని నాకు తెలీదా? సారు ఆ మాట అన్యాక, ఒక గిన్నెలో పప్పు పోసుకోని, మూత పెట్టుకోని నీ ఇంటికి పరిగెత్తుకోని వచ్చినాను. నువ్వు వచ్చి వద్దంటే ఆగిపోతాదని. నీ తలుపుకు బీగం ఉన్నింది."

అది నాకు తెలీదు. ఇన్నేండ్లూ తెలీదు. ఒక రాయి ఏరి పారేసి ఆమే అడిగింది.

"ఊర్లో చెప్పినావా?"

"లేదక్కా."

"మళ్ళెందుకు ఈడికి వచ్చినావు? నాకు తెలిసిందే నాకు చెప్పేదానికి బస్సెక్కినావా?"

తినిపొమ్మని అనలేదు. నేను గూడా కూర్చోలేదు.

తిరిగొచ్చినాక పొదుపు సంఘం మీటింగులో, అందరూ ఉండేటప్పుడు, లేచి నిలబడి చెప్పినాను. ఒకామె, "అయితే బల్లి పడలేదా?" అని, దాన్నెవురో దొంగిలించినట్టు అడిగింది. ఇంకొకామె, "ఇప్పుడెందుకులేమ్మే అదంతా, ఆమె యాడనో బాగానే బతకతా ఉండాది గదా" అని లెక్కల పుస్తకం తెరిచింది. మీటింగు ముందుకు పోయింది. నేను కూర్చున్యాను. ఏడేండ్ల ముందర ఆ వరండాలో ఇదే మాట చెప్పుంటే ఆఫీసరమ్మ పెన్ను అయినా ఆగుండేది. ఏడేండ్లు నేను ఊరకుంటిని, ఆ ఏడేండ్లూ నావి గావు, ఆమెవి.