దారం కొరికిన పళ్ళు

కాలర్లక్క అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఇంకెక్కడా కనబడేది కాదు. బట్టల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు చొక్కాలకు కాలర్లు కుట్టింది, ఆ పేరే ఖాయమైపోయింది. ఇప్పుడు రిటైరై నాలుగేళ్ళు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి, ఎదురుగా వచ్చేది మనిషో, ఆరేసిన దుప్పటో పోల్చుకోలేకపోతోంది. దానికితోడు ముందుపన్ను బీటలు వారి చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటోంది.

ఫ్యాక్టరీవాళ్ళ హెల్త్ కార్డు గుండెకు పనికొస్తుంది, కిడ్నీకి పనికొస్తుంది. కళ్ళకూ పళ్ళకూ మాత్రం పనికిరాదు. అవి వయసుతో వచ్చేవట. కళ్ళూ పళ్ళూ పోయాక మిగిలిన మనిషిని ఏం చేసుకోమంటారో ఆ కార్డు రాసిన మహానుభావుడినే అడగాలి. కాలర్లక్క ఎవర్నీ అడగలేదు. నాలుగేళ్ళు ఇరుగుపొరుగుల జాకెట్లు కుట్టి, రెండింటికీ సరిపడా కూడబెట్టుకుంది. నొప్పి తొందరపెడుతోంది కాబట్టి ముందు పంటికి క్యాప్ వేయించుకుంది.

ఆ రోజు ఆవిడ సంబరం చూడాలి. మంచినీళ్ళు గటగటా తాగి, కోడలికి నవ్వి చూపించి, ఆ ఊపులోనే మనవరాలి గౌను అంచు తీసుకుని చేత్తో తడుముకుంటూ కుట్టేసింది. చివర ముడి వేసింది. దారం నోటికి తీసుకెళ్ళి కొరికింది.

తెగాల్సింది దారం. ఊడింది క్యాప్.

పళ్ళ డాక్టరమ్మ చూసి, లోపలి పన్ను కూడా విరిగిందనీ, ఈసారి ఖర్చు రెండింతలవుతుందనీ చెప్పింది. అంటే కంటి ఆపరేషన్ డబ్బు ఇక్కడే హరించుకుపోతుంది. కళ్ళా, పళ్ళా? డాక్టరమ్మ మాత్రం పక్క పన్ను మీద లైటు పెట్టి, అంచున ఉన్న సన్నటి గాడినే చూస్తూ ఉండిపోయింది.

“పెద్దమ్మా, మీరు బట్టల ఫ్యాక్టరీలో చేశారా? ఈ నెలలో ఇలాంటి గాడి చూడ్డం ఇది మూడోసారి. ఇది వయసుతో వచ్చింది కాదు, పనితో వచ్చింది. కావాలంటే కాగితం మీద రాసిస్తాను.”

ఇంకేముంది! పని వల్ల వచ్చిన జబ్బయితే ఫ్యాక్టరీ రిటైరైనవాళ్ళ నిధి ఖర్చు మొత్తం ఇస్తుంది. కాలర్లక్క కోడలి చెయ్యి పట్టుకుని నాలుగు రోజులు కాలికి బలపం కట్టుకుని తిరిగింది. తన పాత లైనులో కుట్టిన పదకొండు మంది ఆడవాళ్ళను ఇళ్ళకు వెళ్ళి మరీ పోగుచేసింది. తనతో కలిపి పన్నెండు అర్జీలు పెట్టించింది. గురువారం రమ్మంటే అందరూ కలిసి వెళ్ళారు.

మేడమీద గది. పొడుగాటి బల్ల వెనక మూడు మసక ఆకారాలు. ఒకరు నిధి కమిటీ ఛైర్మన్, ఒకరు గుమాస్తా. మూడో మనిషిని చూడగానే ఆ పదకొండు మందిలో ఒకామె, బొత్తాలు కుట్టే వదిన, కాలర్లక్క మోచెయ్యి గిల్లి, సెకన్ల సారు కూడా కమిటీలో ఉన్నాడే అని గొణిగింది. ఆయన వాళ్ళ లైనుకు సూపర్‌వైజరుగా చేసినవాడు. గడియారం పట్టుకుని వెనక నిలబడి, ఒక్కో పీసుకు ఎన్ని సెకన్లయిందో లెక్కపెట్టేవాడు. ఆయన్ని తిట్టుకోకుండా కాలర్లక్క అన్నం తిన్న రోజు లేదు.

ఛైర్మన్ కాగితం తిరగేసి, పళ్ళు ఎవరికైనా అరుగుతాయి కదమ్మా అన్నాడు. కాలర్లక్క ఆయనతో వాదన పెట్టుకోలేదు. వెనక్కి తిరిగి నోళ్ళు తెరవండే అంది. పదకొండు నోళ్ళు తెరుచుకున్నాయి. గుమాస్తా ఫోను లైటు వేసుకుని వరసగా చూస్తూ, ఉంది, ఉంది, ఈవిడకూ ఉంది అంటూ తను ఎవరి తరఫు మనిషో మరిచిపోయాడు. గదిలో ఒకటే నవ్వులు.

ఛైర్మన్ మెత్తబడ్డాడు గానీ రిజిస్టరు అడ్డొచ్చింది. ప్రతి మిషనుకూ ఒక కత్తెర ఇచ్చినట్టు అందులో ఉంది. కత్తెర ఉండగా కొరికితే అది మీ అలవాటే కదా అన్నాడు. ఆరు మిషన్లకు ఒకటే కత్తెర, అదీ గొలుసుతో చివరి బల్లకు కట్టేసి ఉండేదని కాలర్లక్క చెప్పింది. రుజువేదీ అన్నాడాయన. రుజువు ఎక్కడినుంచి తెస్తుంది? అంతా అయిపోయిందనుకుంది. మసక కళ్ళల్లో నీళ్ళు తిరిగి, ఉన్న కాస్త చూపూ పోయింది.

అప్పుడు బల్ల చివర కుర్చీ కిర్రుమంది.

“కత్తెర ఒక్కటే ఉండేది,” అన్నాడు సెకన్ల సారు. “లేచి వెళ్ళొస్తే పీసుకు ఏడు సెకన్లు పోయేవి. పళ్ళున్నాయిగా, కొరికెయ్యండని చెప్పింది నేనే. రోజూ చెప్పాను.”

ఆయన గుమాస్తా వైపు తిరిగి, అర్జీల్లో కారణం అన్నచోట తన పేరు రాయమన్నాడు. గుమాస్తా ఛైర్మన్‌వంక చూశాడు. ఛైర్మన్ రాయమన్నట్టు తలూపి, పన్నెండు మంది కాగితాల మీదా సంతకం పెట్టేశాడు.

కాలర్లక్క ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పళ్ళు దక్కాయి, కళ్ళ డబ్బు కదలకుండా ఉంది. మెట్ల మీదే నిలబడి కోడలి చేత కంటి ఆసుపత్రికి ఫోను చేయించి, అన్నిటికన్నా దగ్గర తేదీ కావాలని పక్కనుంచి కేకలు పెట్టింది. ఈలోగా సెకన్ల సారు మెల్లగా మెట్లు దిగుతూ వచ్చి, దాటి వెళ్ళలేక ఆగిపోయాడు. ఆయన మీద కోపం పోయిందా అంటే, అన్నేళ్ళ కోపం అంత తొందరగా ఎక్కడికి పోతుంది? అయినా వచ్చింది ఆయనేనని వదిన చెవిలో చెప్పగానే ఆవిడే పలకరించింది.

“ఆపరేషన్ అయ్యాక ఒకసారి మా ఇంటికి రండి సారూ. మీ మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఎప్పుడూ వెనకాలే నిలబడేవారు, నేను తలెత్తితే సెకన్లు పోయేవి.”

ఆపరేషన్ ఎప్పుడని అడిగాడాయన. ఎల్లుండి పొద్దున్న ఏడింటికని చెప్పింది.